గర్భాశయ కంతులు: స్వల్పచ్ఛేద చికిత్సలలో అరుదైన ఉపద్రవములు

గర్భాశయపు గోడలోని నునుపు కండర కణములనుండి పుట్టి పెరిగెడి, కాన్సరు స్వభావములేని గడ్డలకు ఫైబ్రాయిడ్లని పేరు. స్త్రీల పునరుత్పత్తి అవయవములలో ఇంతకంటె సామాన్యమైన కంతి వేరొకటి లేదు. ఏబది యేండ్లు నిండునప్పటికి తెల్లజాతి స్త్రీలలో నూటికి 70 మందికిని, నల్లజాతి స్త్రీలలో 80 మందికి పైగాను ఈ గడ్డలుండునని అమెరికాలో జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. వీరిలో పెక్కుమందికి అవి యున్న సంగతియైనను తెలియదు. తక్కినవారికి మాత్రము నెలనెలా అధిక రక్తస్రావము, దానివలన రక్తహీనత, పొత్తికడుపు బరువు, మూత్రము మాటిమాటికి వచ్చుట, గర్భము నిలువకపోవుట మొదలగు బాధలు కలుగును. గర్భకుహరములోనికి చొచ్చుకొని యుండునవి, గోడ నడుమ ఇమిడి యుండునవి, వెలుపలి పొర క్రింద ఉబ్బి యుండునవి, కాడతో వ్రేలాడునవి అని స్థానమునుబట్టి వీనిని విభజింతురు. ఏ కంతికి ఏ చికిత్స తగునో, ఆ చికిత్సలో ఏ ప్రమాదము పొంచి యుండునో చాలవరకు ఈ స్థానభేదమే నిర్ణయించును.

ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దముల వరకు ఈ వ్యాధికి ముఖ్యమైన చికిత్సలు రెండు: కడుపు కోసి గడ్డను మాత్రము తీసివేయుట, లేదా గర్భసంచినే తొలగించుట. తెలుగునాట ఈ రెండవ మార్గము ఎంత విస్తారముగా అవలంబింపబడినదో చెప్పుటకు 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలును. 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటికిని సగటున నూటికి 3.2 వంతులుండగా, ఆంధ్రప్రదేశమున 8.9 వంతులు, తెలంగాణమున 7.7 వంతులు ఉండిరి. ఇట్టి ప్రాంతమున గర్భాశయమును నిలుపుకొనుచు, చిన్న రంధ్రములగుండా గాని అసలు కోతయే లేకుండగాని గడ్డను నిర్మూలించు పద్ధతులు ప్రచారములోనికి వచ్చుట నిస్సందేహముగా మేలే. రక్తనష్టము తక్కువ, నొప్పి తక్కువ, ఆసుపత్రిలో ఉండవలసిన దినములు తక్కువ. ఈ వ్యాసమున ఆ చికిత్సలను తూలనాడు ఉద్దేశము లేదు. చర్మముమీది గాయము చిన్నదైనంత మాత్రమున లోపల జరిగిన పని చిన్నదని భావింపరాదనియు, ఏ సూత్రమువలన ఒక చికిత్స ఫలించుచున్నదో ఆ సూత్రమే హద్దు మీరినపుడు ఆ చికిత్సకు ప్రత్యేకమైన ఉపద్రవము పుట్టుచున్నదనియు, కావున అవి ఎంత అరుదైనను ఊహింపరానివి కావనియు నిరూపించుటయే ఇందలి ప్రయత్నము.

రక్తనాళ నిరోధము

ప్రసవానంతర రక్తస్రావమును ఆపుటకు గర్భాశయ ధమనులను లోపలినుండి మూసివేయు పద్ధతి 1970వ దశకపు చివరినుండియే వాడుకలో నున్నది. పారిసు నగరమున జాక్ రవినా అను స్త్రీరోగ వైద్యుడు, కంతుల శస్త్రచికిత్సలో రక్తనష్టమును తగ్గించుటకై ముందుగా ఈ ధమనులను మూయించుచుండగా, అట్లు చేయించుకొన్న స్త్రీలలో కొందరికి బాధలన్నియు తగ్గిపోయి శస్త్రచికిత్స అక్కరయే లేకపోవుట గమనించి, ఆ విధముగా చికిత్స పొందిన పదునారుగురి వృత్తాంతమును 1995లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించెను. నాటినుండి ఇది స్వతంత్ర చికిత్సగా లోకమంతట వ్యాపించినది. గజ్జలోని ధమనినుండి గాని మణికట్టు ధమనినుండి గాని సన్నని కెథెటరును చొప్పించి, ఎక్స్-రే తెరపై చూచుచు, శ్రోణి ధమనుల మీదుగా గర్భాశయ ధమనిని చేరి, ఇసుక రేణువులవంటి కృత్రిమ కణికలను రక్తప్రవాహమున విడిచిపెట్టుదురు. వీని పరిమాణము సాధారణముగా మిల్లీమీటరులో సగమునుండి తొమ్మిది పదవ వంతుల వరకు ఉండును. గడ్డను పోషించు నాళములు విశాలములై రక్తమును ఎక్కువగా లాగుకొనుచుండుటచే కణికలు ఎక్కువ భాగము అచ్చటికే చేరును. గడ్డ ఆహారము లేక కృశించును. ఆరోగ్యవంతమైన కండరము ఇతర నాళముల సాయమున కోలుకొనును.

చికిత్స తరువాత కొన్ని దినములు తీవ్రమైన నొప్పి, స్వల్ప జ్వరము, వికారము, నీరసము ఉండుట సహజము. నిర్జీవమగుచున్న కణజాలమునకు శరీరము చూపు ప్రతిస్పందనమే ఇది. వారము పదిదినములలో ఇది శాంతించును. ఈ చికిత్సలోని అత్యంత ప్రమాదకరమైన ఉపద్రవము ఈ సహజ లక్షణముల ముసుగులోనే ప్రవేశించుట వైద్యులను ఎక్కువగా కలవరపెట్టు విషయము. చచ్చిన గడ్డ సూక్ష్మజీవులకు మంచి ఆశ్రయము. రక్తప్రసారము లేనందున క్రిమినాశకౌషధములు దానిలోనికి చొరజాలవు. గర్భాశయమున చీముపట్టి, సూక్ష్మజీవ విషము రక్తమున వ్యాపించి, రక్తపోటు పడిపోయి, ఒక్కొక్కప్పుడు మరణము సంభవించును. అట్టి మరణము మొట్టమొదట 1999లో లాన్సెట్ పత్రికయందే ప్రకటితమైనది. తొలి దినముల జ్వరమును, సూక్ష్మజీవ జ్వరమును వేరుపరచుటకు వైద్యులు కాలమును, క్రమమును గమనింతురు. మొదటిది క్రమముగా దిగిపోవును. రెండవది తగ్గినట్లే తగ్గి, రెండు మూడు వారములకో, అంతకు మించియో, చలితోను దుర్గంధముగల స్రావముతోను మరల విజృంభించును. అట్టి దశలో ఆలస్యముచేయక గర్భాశయమును తొలగించుటయే ప్రాణరక్షకము కావచ్చును.

అమెరికాలో 3,160 మంది స్త్రీల చికిత్సా వివరములను నమోదుచేసిన ఒక బృహత్పరిశీలన 2005లో వెలువడినది. అందు ఆసుపత్రిలో ఉండగా సంభవించిన పెద్ద ఉపద్రవములు నూటికి 0.66 మాత్రమే, ఇంటికి పోయిన తరువాత ముప్పది దినములలోపల సంభవించినవి 4.8. వీనిలో అన్నిటికంటె ఎక్కువగా కానవచ్చినది నొప్పి తగ్గక మరల ఆసుపత్రి చికిత్స పొందవలసి వచ్చుట. గర్భసంచి తీయవలసి వచ్చినది వేయింటికి ఒక్కరికి, మరణములు లేవు. ఈ అంకెలు చికిత్స యొక్క క్షేమకరత్వమును చాటుచున్నవనుటలో సందేహము లేదు. కాని ఆసుపత్రి గుమ్మము దాటిన తరువాతి ప్రమాదము దాటకముందున్న ప్రమాదమునకు ఏడు రెట్లున్నదని కూడ అవియే తెలుపుచున్నవి. రోగిని ఇంటికి పంపు వేళ ఇయ్యవలసిన సూచనల విలువ ఇంతకంటె స్పష్టముగ తెలుపు ఆధారమక్కరలేదు.

గర్భకుహరమునకు ఆనుకొనియున్న కంతి కృశించుచు గోడనుండి విడివడి, గర్భాశయ ముఖద్వారమున వెలికివచ్చుట మరియొక విశేషము. నూటికి కొద్దిమందిలో మాత్రమే జరుగు ఈ సంఘటన చికిత్స తరువాత కొన్ని వారములకు గాని, కొన్ని మాసములకు గాని సంభవింపవచ్చును. స్త్రీకి ప్రసవవేదనవంటి నొప్పులు వచ్చును; రక్తము, దుర్వాసనగల స్రావము పోవును; మెత్తబడిన బూడిదవన్నె మాంసఖండములు తునియలుగా వెడలవచ్చును, లేదా గడ్డ ముఖద్వారమున ఇరుకుకొని కదలక నిలువవచ్చును. పూర్తిగా వెడలిపోయినచో రోగము నయమైనట్లే. ఇరుకుకొన్నదానిని మాత్రము వెనువెంటనే యోనిమార్గమున తీసివేయవలెను. దాని వెనుక చీము చేరుటకు ఎంతో కాలము పట్టదు. ఈ సంగతి ముందుగా తెలియని స్త్రీ దీనిని గర్భస్రావమని గాని, కాన్సరని గాని తలంచి భయకంపితురాలగుట సహజము. తెలిసిన స్త్రీ నేరుగా చికిత్సచేసిన వైద్యునియొద్దకే పోవును.

కణికలు గమ్యము తప్పుట ఇంకను అరుదు. గర్భాశయ ధమనియు, మూత్రకోశమునకు, యోనికి, బాహ్య జననాంగమునకు, పిరుదులకు పోవు నాళములును ఒకే మూలమునుండి చీలినవగుటచేతను, వాని నడుమ సన్నని అనుసంధానములుండుటచేతను, ఆ భాగములలోని కణజాలము నిర్జీవమైన సందర్భములు వైద్య పత్రికలలో ప్రకటితమైనవి. జననాంగపు బాహ్య పెదవిపై నొప్పితో కూడిన పుండు, పిరుదుపై నల్లబడిన చర్మము, మూత్రకోశమున కొంత భాగము కుళ్ళి మూత్రము గర్భాశయములోనికి దారిచేసికొనుట ఇట్టివి. గర్భాశయ గ్రీవమునకు పోవు శాఖ మూసికొనిపోవుటవలన దాంపత్య సుఖానుభవము లోపించినట్లును నివేదింపబడినది. స్త్రీలు చెప్పుటకు సంకోచించునదియు, వైద్యులు అడుగుటకు మరచునదియు నగుటచే దీని నిజమైన సంఖ్య పత్రికలలో కనబడుదానికంటె ఎక్కువ యుండునని తలంచుటకు అవకాశము కలదు. ప్రేగు అంటుకొనియున్న కంతి కుళ్ళుటవలన ప్రేగునకును గర్భాశయమునకును నడుమ మార్గమేర్పడినట్టి ఉదంతములును ఒకటి రెండు కలవు.

అండాశయములకు పోవు రక్తములో కొంత గర్భాశయ ధమని శాఖలనుండియే వచ్చును. కణికలు ఆ దారిన పోయినచో అండాశయము శక్తిహీనమై ముట్లుడుగును. ఇది నలుబదియైదేండ్లు దాటినవారిలో అంత అరుదు కాదు. వయస్సు తక్కువగలవారిలో బహు స్వల్పము. సంతానము కోరువారి విషయమున గర్భస్రావముల సంఖ్య పెరుగుట, మాయ గర్భాశయ గోడలోనికి లోతుగా నాటుకొనుట, లోపలి పొరలు అతుకుకొనుట మొదలగు చిక్కులును ఈ చికిత్సానంతరము ఎక్కువగా కానవచ్చినవి. అందుచేత పెక్కుమంది వైద్యులు బిడ్డలు కావలెననువారికి గడ్డను మాత్రము తీయు శస్త్రచికిత్సనే మొదట సూచింతురు. ఈ సూచన సమంజసమైనదే.

లాపరోస్కోపు ద్వారా గడ్డను తీయుట

పొత్తికడుపుపై మూడు నాలుగు చిన్న రంధ్రములు చేసి, బొగ్గుపులుసు వాయువుతో ఉదరమును ఉబ్బించి, కెమేరా సహాయమున కంతిని ఒలిచి, మిగిలిన గుంటను కుట్టివేయుట ఈ పద్ధతి. తొలి రంధ్రము చేయునపుడు ప్రేగునకో, పెద్ద రక్తనాళమునకో గాయమగుట, వాయువు రక్తమున చేరుట వంటివి లాపరోస్కోపు చికిత్సలన్నిటికిని సామాన్యములు గాన వానిని ఇచట విస్తరింపనక్కరలేదు. కంతుల చికిత్సకే ప్రత్యేకమైనవి కొన్ని కలవు.

రక్తస్రావమును తగ్గించుటకై వేసోప్రెసిన్ అను ఔషధమును నీటిలో పలుచన చేసి కంతి చుట్టును ఎక్కింతురు. అది రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. అదియే దాని ప్రయోజనము. పొరపాటున సూది మొన రక్తనాళమున పడినను, ద్రావణము గాఢమైనను, గుండె లయ మందగించును, ఊపిరితిత్తులలో నీరు చేరును, అరుదుగా గుండె ఆగిపోవును. ఇందొక సూక్ష్మము గలదు. ఒక్కొక్కప్పుడు చేతి ధమని మిక్కిలి ముడుచుకొనిపోవుటచే నాడి అందక, రక్తపోటు యంత్రము అతి తక్కువ అంకెను చూపును. నిజమునకు దేహ మధ్యమున రక్తపోటు పడిపోయి యుండదు. ఆ అంకెను నమ్మి రక్తపోటును పెంచు మందులిచ్చినచో గుండెపై భారము మితిమీరి ముప్పు మరింత పెరుగును. శస్త్రవైద్యుడు సూదిమందు ఎక్కించు ముందు మత్తు వైద్యునకు బిగ్గరగా తెలుపవలెనను నియమము ఇందులకే ఏర్పడినది.

కంతి తీసిన చోట కుట్టు బలముగా లేనిచో ఆ ఫలితము అప్పుడు గాక ఏండ్ల తరువాత, స్త్రీ గర్భవతియైనపుడు బయటపడును. గర్భాశయము చీలిపోవుట నూటికి ఒకరికి లోపే సంభవించును; కాని సంభవించినపుడు తల్లికిని బిడ్డకును ప్రాణాపాయమే. సిజేరియను మచ్చ సామాన్యముగ ప్రసవవేదన సమయమున విడును. ఈ మచ్చ నొప్పులు మొదలుకాకమునుపే, ఏడవ ఎనిమిదవ నెలలలోనే విడిపోయిన ఉదంతములు పెక్కు కలవు. రక్తమును ఆపుటకు విద్యుత్తుతో కణజాలమును అతిగా కాల్చుటయు, లోతైన గుంటను పొరలు పొరలుగా గాక ఒక్క వరుసలో కుట్టుటయు ఇందులకు ముఖ్య కారణములని భావింతురు. కాలిన కండరమునకు రక్తప్రసారముండదు. రక్తప్రసారము లేనిచోట గట్టి మచ్చ కట్టదు. మరికొన్ని సందర్భములలో శస్త్రచికిత్స జరిగిన చోట ధమని గోడ తెగి రక్తపు బుడగ ఏర్పడి, కొన్ని వారముల తరువాత అకస్మాత్తుగా తీవ్ర రక్తస్రావము కలిగించును. దీనిని మాన్పుటకు పైన చెప్పిన రక్తనాళ నిరోధమే ఉపయోగపడుచున్నది.

ఇక ఈ చికిత్సా చరిత్రయందు మిక్కిలి విషాదకరమును, మిక్కిలి బోధకమును అగు ఘట్టమును కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఒలిచిన గడ్డ పిడికిలి ప్రమాణమున ఉండవచ్చును. రంధ్రమో, ఒకటి రెండు సెంటీమీటర్లు. కావున గడ్డను లోపలనే తునియలుగా కోసి బయటికి లాగవలెను. ఇందులకు విద్యుచ్ఛక్తితో తిరుగు బోలు కత్తిగల మార్సిలేటరు అను యంత్రము 1990వ దశకమున వాడుకలోనికి వచ్చినది. కత్తి తిరుగుచున్నపుడు చిన్న చిన్న ముక్కలు చెదరి ఉదర కుహరమంతట పడును. మామూలు కంతి ముక్కలే అయినచో వానిలో కొన్ని ప్రేగులపైననో, ఉదరపు పొరపైననో అంటుకొని, క్రొత్త రక్తనాళములను సంపాదించుకొని, ఏండ్ల తరువాత పరాన్నజీవి కంతులుగ తిరిగి పెరుగును. ఇది నూటికి ఒకరికి లోపు. కాని గడ్డ నిజమునకు కంతి గాక లియోమయోసార్కోమా అను కాన్సరైనచో, ఆ ముక్కలతో పాటు కాన్సరే ఉదరమంతట విత్తబడును. శస్త్రచికిత్సకు ముందు ఈ రెండింటిని నిశ్చయముగ వేరుపరచగల పరీక్ష నేటికిని లేదు.

2013 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున అమీ రీడ్ అను మత్తు వైద్యురాలికి, ఆరుగురు బిడ్డల తల్లికి, కంతులని భావించి ఈ యంత్రముతో శస్త్రచికిత్స జరిగినది. తరువాతి సూక్ష్మదర్శినీ పరీక్షలో అది సార్కోమాయని తేలినది. ఆమెయు, శస్త్రవైద్యుడగు ఆమె భర్తయు కలిసి, తమకు జరిగినది మరియొకరికి జరుగరాదని ఈ యంత్ర వినియోగమునకు వ్యతిరేకముగ బహిరంగముగా పోరాడిరి. 2014 ఏప్రిలులో అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ ఈ యంత్రమును కంతులకు వాడవద్దని హెచ్చరించుచు, కంతులకై శస్త్రచికిత్స పొందు స్త్రీలలో సుమారు 350 మందికి ఒకరియందు గుర్తింపబడని సార్కోమా ఉండవచ్చునని అంచనా వేసినది. ఆ సంవత్సరమే జులైలో ప్రధాన తయారీదారగు జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ తన యంత్రములను అంగడినుండి ఉపసంహరించుకొన్నది. అమీ రీడ్ 2017 మే నెలలో మరణించెను.

350లో ఒకటను అంచనా అధికమని అనేకమంది వైద్యులు వాదించిరి. తరువాత జరిగిన సమీక్షలలో లియోమయోసార్కోమా 770 మందిలో ఒకరినుండి పదివేలమందిలో ఒకరికంటె తక్కువ వరకు ఉండవచ్చునని తేలినది. కడుపు పెద్దగా కోసినచో కలుగు గాయపు చీము, రక్తపు గడ్డలు మొదలగు హాని ఇంతకంటె ఎక్కువ మందిని బాధించునను వాదము తోసివేయదగినది కాదు. ఐనను తనకు తెలియకుండ తన దేహమున జరుగబోవు పనియందలి ప్రమాదమును ముందుగా తెలిసికొను హక్కు ప్రతి స్త్రీకిని కలదు. అంకె పెద్దదా చిన్నదా అను చర్చ ఆ హక్కును తగ్గింపజాలదు. నేడు అంగీకృతమైన పద్ధతి, గడ్డను ఉదరములోపలనే ఒక మూసిన సంచిలో పెట్టి, ఆ సంచిలోనే తునియలు చేయుట. ముట్లుడిగినవారిలోను, ఏబది దాటినవారిలోను, వేగముగ పెరుగుచున్న గడ్డలలోను మార్సిలేటరును మానుట. రక్తనాళ నిరోధము, క్రింద చెప్పబోవు ధ్వనితరంగ చికిత్స వంటి పద్ధతులలో కణజాలమును పరీక్షకు పంపుట అసలే యుండదు గనుక, కంతి యనుకొన్న సార్కోమాకు ఆ చికిత్సలు చేసి రోగనిర్ణయము ఆలస్యమైన ఉదంతములు కూడ కలవు. చికిత్స తరువాత కృశింపవలసిన గడ్డ పెరుగుచున్నచో దానిని తేలికగా తీసికొనరాదు.

హిస్టరోస్కోపు ద్వారా కోయుట

గర్భకుహరములోనికి చొచ్చియున్న కంతిని యోనిమార్గమున హిస్టరోస్కోపు అను, లోపల చూచుటకు వీలగు గొట్టమును చొప్పించి, విద్యుత్తు తీగతో పలుచని రేకులుగా కోసివేయుదురు. మూత్రమార్గ వైద్యులు ప్రొస్టేటు గ్రంథిని కోయుటకు వాడు పరికరమును 1976లో అమెరికన్ వైద్యుడు న్యూవిర్త్ ఈ పనికి తొలుత ఉపయోగించెను. వెలుపల కోతయే లేని చికిత్స యిది. రోగి ఆ దినముననే ఇంటికి పోవచ్చును. ఐనను దీని అరుదైన ఉపద్రవము గంటలలో మెదడును దెబ్బతీయగలది.

గర్భకుహరము స్వభావతః మూసికొనియున్న సంచి. లోపల చూడవలెనన్నచో ఒత్తిడితో ద్రవమును పంపి విచ్చదీయవలెను. కంతిని కోయుచున్నపుడు తెరచుకొన్న సిరలగుండా ఆ ద్రవము నేరుగా రక్తమున చేరును. పాత పరికరములతో కోయుటకు విద్యుత్తును ప్రసరింపజేయని ద్రవము కావలసియుండుటచే 1.5 శాతపు గ్లైసీను వంటి, సోడియము బొత్తిగా లేని ద్రవములను వాడిరి. ఇట్టి ద్రవము ఒక లీటరు రక్తమున చేరినచో రక్తములోని సోడియము లీటరుకు సుమారు పది మిల్లీమోళ్ళు తగ్గును. రక్తము పలుచనైనపుడు నీరు మెదడు కణములలోనికి పోయి అవి ఉబ్బును. తలనొప్పి, వాంతులు, మాట తడబాటు, ఫిట్సు, స్మృతి తప్పుట అను క్రమమున లక్షణములు కానవచ్చును; మత్తులో ఉన్న రోగియందు ఇవేవియు కానరావు. ముట్లుడుగని స్త్రీల మెదడు ఈ ఉబ్బును తట్టుకొనుటలో బలహీనమైనదని పరిశోధనలు తెలిపినవి. కంతులు బాధించునది ముఖ్యముగా ఈ వయస్సువారినే.

ఇట్టి ప్రమాదమును నివారించుట శస్త్రవైద్యుని చేతి నైపుణ్యముకంటె శస్త్రశాలలోని నర్సు లెక్కపై ఎక్కువగా ఆధారపడియున్నది. లోనికి పోయిన ద్రవమెంత, గొట్టము ద్వారా తిరిగి వచ్చినదెంత, రోగి క్రింద పరచిన సంచిలోనికి కారినదెంత, నేలపాలైనదెంత అని పది పదునైదు నిమిషములకొకమారు లెక్కించి బిగ్గరగా చెప్పవలెను. ఆరోగ్యవంతురాలగు స్త్రీకి సోడియము లేని ద్రవమున వేయి మిల్లీలీటర్లు, సెలైనున 2,500 మిల్లీలీటర్లు లోటు కనబడగనే, గడ్డ ఇంకను మిగిలియున్నను, పని ఆపివేయవలెనని నియమము. మిగిలినదానిని మరియొక దినమున తీయవచ్చును. సెలైనులోనే పనిచేయు ద్విధ్రువ విద్యుత్పరికరములు వచ్చిన తరువాత సోడియము పడిపోవు భయము చాలవరకు తొలగినది. కాని సెలైను అతిగా చేరినచో ఊపిరితిత్తులు నీరుపట్టుట ఆగదు. తల క్రిందికి వంచిన భంగిమలో గాలి సిరలలోనికి పీల్చుకొనబడి గుండెను అడ్డగించుట, గర్భాశయమునకు రంధ్రముపడి విద్యుత్తీగ ప్రేగును తాకుట, ఎదురెదురు గోడలపై కోసినచో అవి అతుకుకొని బహిష్టు ఆగిపోవుట అనునవి తక్కిన అరుదైన హానులు.

వేడిచేయు చికిత్సలు

దేహము వెలుపలినుండి ధ్వనితరంగములను ఒక బిందువున కేంద్రీకరించి కంతిని వేడిచేసి నిర్జీవము చేయుట ఇటీవలి పద్ధతి. ఎం.ఆర్.ఐ. చిత్రముల సాయమున పనిచేయు ఇజ్రాయెలు దేశపు ఇన్‌సైటెక్ సంస్థ యంత్రమునకు 2004లో అమెరికా అనుమతి లభించినది. అల్ట్రాసౌండు చిత్రములతో పనిచేయు విధానము చైనాలోని చోంగ్‌చింగ్ నగరమున వృద్ధిచెంది, ఆ దేశమున విస్తారముగ వాడబడుచున్నది. కత్తి లేదు, కెథెటరు లేదు. కాని ధ్వని కేంద్రబిందువువద్దనే ఆగిపోదు. ముందుకు సాగి వెన్ను దిగువనున్న త్రికాస్థిని తాకును. ఎముక ధ్వనిని ఎక్కువగా గ్రహించి వేడెక్కి, దానిని ఆనుకొనియున్న నరములను బాధించును. తొలి పరీక్షలలోనే ఒక స్త్రీకి కాలి నరము దెబ్బతిని, కాలక్రమమున కోలుకొన్నది. చికిత్స జరుగుచుండగా కాలిలోనికి జివ్వుమని నొప్పి వచ్చినచో వెంటనే చెప్పుమని రోగికి నేర్పుదురు. ఈ కారణముచేతనే ఆమెను పూర్తి మత్తులో ఉంచరు. పాత ఆపరేషను మచ్చపై చర్మము కాలుట, కంతికిని పొట్టగోడకును నడుమ ప్రేగు చిక్కుకొని దినముల తరువాత రంధ్రముపడుట మిగిలిన ఉపద్రవములు. ప్రేగు రంధ్రము అతి అరుదైనను, చికిత్స జరిగిన నాడు ఏ లక్షణమును చూపక, ఆలస్యముగా పొత్తికడుపు బిగువుతో బయటపడుట దాని దుర్మార్గము. సూది ద్వారా రేడియో తరంగములతో వేడిచేయు పద్ధతికి 2012లో అమెరికా అనుమతి లభించినది. దాని అనుభవము ఇంకను స్వల్పము.

రోగి తెలిసికొనవలసినవి

పైన వివరించిన ఉపద్రవములలో అధిక భాగము శస్త్రశాలలో గాక ఇంటిలో, చికిత్సచేసిన వైద్యునికి దూరముగ, వారములకు, మాసములకు, ఏండ్లకు బయటపడునవి. నగరములోని ఆసుపత్రిలో ఒక దినమో రెండు దినములో ఉండి, బస్సులోనో రైలులోనో సొంత ఊరు చేరిన స్త్రీకి మూడవ వారమున జ్వరము వచ్చినచో, సమీపమున నున్న వైద్యునికి ఆమెకు జరిగిన చికిత్స యేదియో తెలియదు. ఆమె చెప్పనిచో, చూచి ఊహించుటకు పొట్టపై మచ్చయైనను ఉండకపోవచ్చును. చలితో కూడిన జ్వరము, దుర్గంధ స్రావము, తగ్గి మరల పెరుగు పొత్తికడుపు నొప్పి, మూత్రము దారి తప్పుట, కాలు తిమ్మిరి, ఒక కాలు మాత్రము వాచుట, ఆయాసము, స్మృతి తడబాటు అను లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

చికిత్సకు సమ్మతించు ముందు స్త్రీ అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు: బిడ్డలు కావలెనన్నచో ఈ పద్ధతి తగునా, గడ్డను ముక్కలు చేయుదురా, చేసినచో సంచిలో చేయుదురా, తీసినదానిని పరీక్షకు పంపుదురా, అర్ధరాత్రి జ్వరము వచ్చినచో ఎవరికి ఫోను చేయవలెను. ఆసుపత్రివారు తాము చేసిన చికిత్స పేరు, తేదీ, గర్భాశయపు గోడ ఎంత లోతువరకు తెరవబడినది, కణజాల పరీక్షా ఫలితమేమి అను వివరములను తెలుగున వ్రాసి యీయవలెను. ఆ కాగితమును ప్రతి స్త్రీయు భద్రపరచుకొని, పదేండ్ల తరువాత గర్భవతియైనను, వేరొక ఊరిలో కడుపునొప్పితో ఆసుపత్రికి పోయినను, మొట్టమొదట దానినే వైద్యునికి చూపవలెను.